డ్రమ్ము మీద అడ్డగీత

మా ఆయన పోయి మూడు నెలలు దాటాక కోటేశ్వరరావు అంబాసిడర్ కారు మా మెకానిక్ షెడ్డు ముందుకు తిరిగొచ్చింది. రోడ్డు మలుపులో ఉండగానే అది ఆ కారే అని నాకు తెలిసింది. ఇంజను చప్పుడును బట్టి కాదు. డ్రైవరు బ్రేకు తొక్కినప్పుడల్లా కుడివైపు ముందు చక్రం దగ్గర చిన్న చప్పుడు వస్తోంది. టిక్. కాసేపాగి మళ్ళీ టిక్. ఎండిన కందికాయ పగిలినట్టు. నేను గడపలో కూర్చుని గోంగూర గిల్లుతున్నాను. గిల్లుతూనే ఉన్నాను. లేవాలని అనిపించలేదు. ఆ మూడు నెలల్లో నాకు ఏదీ అనిపించలేదు. తినమంటే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను. దినవారాలకు వచ్చిన ఆడవాళ్ళు ఏడిస్తే బరువు దిగుతుందన్నారు. ఏడుపు రావడం లేదని చెప్పాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

కోటేశ్వరరావు మిరపకాయల వ్యాపారి. ఆ కారు వాళ్ళ నాన్న కొన్నది. ఇంట్లో ఏసీ కారు ఇంకోటి ఉన్నా, ఎనభై దాటిన ఆ పెద్దమనిషి సోమవారం కోటప్పకొండకు వెళ్ళాలంటే దీంట్లోనే వెళతాడు. కోటేశ్వరరావు దిగి, చెప్పులు బయట వదిలి, షెడ్డులోకి వచ్చి నిలబడ్డాడు. వెనకాలే డ్రైవరు సాంబయ్య.

“పెద్దమ్మా, బాగున్నావా?”

“బాగోక ఏం చేస్తాను. ఏంది, కారు టిక్కుమంటా వచ్చింది?”

“అదే గదా గొడవ! మేస్త్రి పెద్దాయన బ్రేకు డ్రమ్ములు లేతు పట్టించి, కొత్త షూలు ఏసిచ్చిన కాడ్నించీ ఇంతే. ఆయన లేడు గదాని గుంటూరు తీసకపోయా. షూలు మళ్ళీ మార్చారు. సిలిండర్లు మార్చారు. స్ప్రింగులు మార్చారు. ఆఖరికి బేరింగులు గూడా మార్చారు. ఇంక మార్చడానికి నేనూ మా నాన్నే మిగిలాం. కొండ దిగేటప్పుడు మా నాన్న, ‘ఒరేయ్, నన్ను దింపరా, నడిచొస్తా’ అంటన్నాడు.”

సాంబయ్య గొంతు తగ్గించాడు. “లక్ష్మయ్య మేస్త్రికి ఆఖర్లో చూపు ఆన్లేదేమో పిన్నీ. మన టాక్సీ స్టాండులో గూడా అదే అనుకుంటన్నారు. నలభై ఏళ్ళు చేసినోడు పోయేముందు చేసిన బండి ఇట్టా అయిందే అని.”

చూపు సంగతి నాకు తెలుసు. సూదిలో దారం ఎక్కించాల్సి వస్తే నేను ఆయనకే ఇచ్చేదాన్ని. ఆ చప్పుడు సంగతి కూడా నాకు తెలుసు, ఎందుకు వచ్చిందో తెలుసు, ఎవరి వల్ల వచ్చిందో కూడా తెలుసు. గోంగూర చేట పక్కన పెట్టాను. అయితే అదేమిటో చదివేవాళ్ళకు అర్థం కావాలంటే, నేను ఈ ఇంటికి కొత్తగా వచ్చిన రోజుల్లోకి వెళ్ళాలి.

నేను పుట్టింది మాచర్ల దగ్గర, నాపరాళ్ళ క్వారీ పక్కన. మా నాన్న రాయి కొట్టేవాడు. పలక పైకి తీశాక సుత్తితో తట్టి, తల వంచి వినేవాడు. గట్టి రాయి గంటలాగా పలుకుతుంది. లోపల చీలిక ఉన్నది చిల్లికుండలాగా పలుకుతుంది. మేం పిల్లలం కూడా తట్టి చెప్పేవాళ్ళం. ఊళ్ళో బడి ఉండేది గానీ, నేను దాని గోడకు పిడకలు కొట్టడానికి తప్ప లోపలికి వెళ్ళలేదు. నా చదువంతా ఆ రాళ్ళ దగ్గరే. పెళ్ళి చేసి నరసరావుపేట పంపించారు. రాళ్ళ చప్పుడు పోయి ఇనుము చప్పుడు వచ్చింది. అంతే తేడా అనుకున్నాను.

ఇంటికి ముందు రేకుల షెడ్డు, వెనక రెండు గదులు, ఆ వెనక పెరడు. మా మామ మేస్త్రి, మా ఆయన ఆయన దగ్గరే పని. ఇంట్లో అన్నిటికీ కిరసనాయిలు వాసన ఉండేది. బియ్యానికి, దుప్పట్లకు, మా అత్త పెట్టిన పండుమిరపకాయ పచ్చడికి కూడా. మొదటి వారం నేను అన్నం సయించక నీళ్ళు తాగి పడుకున్నాను. రెండో వారం నుంచి ఆ వాసన నాకు తెలియడం మానేసింది. పొద్దున్నే మేం ఆడవాళ్ళం విప్పిన నట్లూ బోల్టులూ జల్లెడలో పోసి, బియ్యం కడిగినట్టు కిరసనాయిల్లో కడిగేవాళ్ళం. మధ్యాహ్నం మగవాళ్ళు చేతులు కడుక్కోవడానికి తవుడు కలిపి పెట్టేవాళ్ళం. తవుడుతో రుద్దితే గ్రీజు పోతుంది గానీ గోళ్ళ చుట్టూ నలుపు పోదు. మా ఆయన పెళ్ళి ఫొటోలో కూడా ఆ నలుపు కనపడుతుంది. మా మామ రెండు గ్లాసుల టీ పడేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. పడ్డాక ఆపేవాడు కాదు.

మా అత్త నాగమ్మ ముక్కుపొడుం పీల్చేది. సన్నటి మనిషి. ఆమె చెవులు మాత్రం మా షెడ్డుకు పెట్టుబడి లాంటివి. సుత్తి దెబ్బలకు మా మామ చెవులు ఎప్పుడో మందగించాయి, ఆయన ఒప్పుకునేవాడు కాదు. బాగు చేసిన బండిని వీధిలో అటూ ఇటూ తిప్పేటప్పుడు మా అత్త చేట పట్టుకుని గేటు దగ్గర నిలబడి బియ్యం చెరిగేది. చెరగడానికి ఏమీ లేకపోయినా చెరిగేది. తర్వాత లోపలికి వస్తూ, ఎవరికో చెప్పినట్టు, “ఎనక ఎడమ పక్కది మూలుగుతంది” అనేది. మా మామ విననట్టే ఉండి, కాసేపాగి వెనక ఎడమ చక్రం విప్పించేవాడు. బండి వాళ్ళు, “మేస్త్రి చెవి చెవే” అనేవాళ్ళు. ఆమె లోపల పొయ్యి ఊదుకుంటూ ఉండేది.

ఇక డ్రమ్ముల సంగతి. అప్పటి కార్లకు చక్రం లోపల ఇనుప డ్రమ్ము ఉంటుంది. బ్రేకు తొక్కితే రెండు షూలు విచ్చుకుని ఆ డ్రమ్మును లోపలినుంచి అదిమి పడతాయి. డ్రమ్ము అరిగి గాళ్ళు పడితే లేతు మిషను మీద పెట్టి లోపల నున్నగా చెక్కిస్తారు. నేను వచ్చిన రెండో నెలలో, లేతు పట్టించిన డ్రమ్ములు రెండు పెరట్లో నాపబండ మీద ఉంటే మా అత్త నాతో, “పిల్లా, అవి రుద్దిపెట్టు” అని సంతకు పోయింది. ఎట్లా రుద్దాలో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. అంత చింతపండు, అంత బూడిద, కొబ్బరిపీచు తీసుకుని బిందె తోమినట్టు గుండ్రంగా తోమాను. ముఖం కనపడేట్టు తోమాను. కడిగి ఎండలో బోర్లించాను. పొగుడుతుందనుకున్నాను.

సంత నుంచి వచ్చేసరికి చింతపండు పులుపుకి రెండు డ్రమ్ములూ ఎర్రగా తుప్పెక్కి ఉన్నాయి. మా అత్త వాటిని చూసి, నన్ను చూసి, పొడుం డబ్బా తీసింది. “ఏమే, ఇదేమన్నా ఇత్తడి బిందా? చింతపండు పెట్టి తోమావు!” ఈలోపు మా మామ వచ్చాడు. “కొత్తగా లేతు పట్టిన డ్రమ్ముకు తుప్పేందిరా?” అని అరిచాడు. మా ఆయన డ్రమ్ము ఎత్తి వాసన చూసి, “చారు కాచింది నాన్నా. పోపు పెట్టడం మర్చిపోయింది” అన్నాడు. మా మామకు కూడా నవ్వు ఆగలేదు. నాకు అవమానమైంది గానీ, పుట్టింటినుంచి వచ్చాక ఆ ఇంట్లో అందరూ కలిసి నవ్వడం నేను చూసింది అదే మొదలు.

మర్నాడు పొయ్యి వెలిగించక ముందే మా అత్త నన్ను పెరట్లో కూర్చోబెట్టింది. కాళ్ళు చాపమంది. చంటిబిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు కాళ్ళమీద పడుకోబెట్టుకుంటామే, అట్లా డ్రమ్మును నా కాళ్ళమీద పెట్టింది. నా చూపుడువేలు పట్టుకుని గోటితో డ్రమ్ము లోపల అడ్డంగా గీయించింది. కంటికి నున్నగా ఉంది. గోటికి మాత్రం సన్నగా గరగరలాడింది.

“తెలిసిందా? లేతు ఉలి చుట్టూ తిరుగుతా గీసిన గీత అది. మరమేకుకి ఉండే చుట్టు లాంటిదే. బ్రేకు తొక్కితే షూ ఆ చుట్టు ఎమ్మట పక్కకి ఎక్కిద్ది. ఎక్కి ఎక్కి, ఇంక చోటు లేక ఎనక్కి దూకిద్ది. టిక్కుమనేది అదే. నువ్వు గుండ్రంగా తోమితే ఆ చుట్టు ఇంకా నున్నగవుద్ది. అడ్డంగా గీయాల. అడ్డంగా గీస్తే దారి తెగిపోద్ది.”

ఉప్పుకాగితం మడిచి నా చేతికిచ్చింది. నేను అడ్డంగా, కాస్త ఏటవాలుగా గీస్తూ డ్రమ్మంతా తిరిగాను. మెరుపు పోయి బూడిదరంగు వచ్చింది. “ఇప్పుడు సరిగ్గా ఉంది. అద్దంలా ఉంటే నమ్మబాక” అంది.

ఈ సంగతి ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఒకప్పుడు ఒక టాక్సీ ఇట్లాగే టిక్కుమంటూ నాలుగుసార్లు తిరిగొచ్చిందట. మా మామ షూలు మార్చాడు, స్ప్రింగులు మార్చాడు, చివరికి టాక్సీ అతను బండి తోలే తీరును తప్పుపట్టాడు. డ్రమ్ము కడుగుతుంటే మా అత్త గోటికి గీత తగిలిందట. ఎవరికీ చెప్పకుండా రుద్ది పెట్టింది. చప్పుడు పోయింది. మా మామ ఊరంతా తన పనితనమని చెప్పుకున్నాడు. కానీ ఆ తర్వాత లేతు నుంచి వచ్చిన డ్రమ్ములు తిన్నగా షెడ్డులోకి పోలేదు. సాయంత్రం ఎవరో తెచ్చి పెరట్లో బండ మీద పెట్టేవాళ్ళు. పొద్దున ఎవరో తీసుకెళ్ళి బిగించేవాళ్ళు. మధ్యలో ఏం జరిగిందో మగవాళ్ళు ఏనాడూ మాట్లాడలేదు. మా మామ పోయాడు, మా అత్త పోయింది. మా ఆయన చెవులు కూడా వాళ్ళ నాన్న చెవుల లాగే అయ్యాయి. బండ మీద డ్రమ్ములు పెట్టడం ఆయన మానలేదు, రుద్దడం నేను మానలేదు. గేటు దగ్గర నిలబడి వినడం కూడా నాకే వచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను, “రుద్దావా?” అని అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు.

అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి. ఎదురింట్లో ఉండే అంగన్వాడీ టీచరమ్మ సాయంత్రాలు మమ్మల్ని నలుగురిని కూర్చోబెట్టి నేర్పింది. మొదట పలక, తర్వాత నోటుబుక్కు. ఏడాది తిరిగేసరికి ఒక పుస్తకం నిండా రాశాను. మా నాన్న పేరు, మా ఊరు పేరు, కూరగాయల పేర్లు, నాకు గుర్తున్న మాటలు. ఒకరోజు చూస్తే ఆ పుస్తకంలో ఆరు కాగితాలు లేవు. షెడ్డులోకి వెళితే ఉండలు చుట్టి కింద పడున్నాయి. ఆయిలు కొలిచే పుల్ల తుడవడానికి మా ఆయన చించాడు.

“ఏందయ్యా ఇది?” అన్నాను.

ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ అరిచి చెప్పాను. “ఖాళీవి చించలేదు గదే! రాసినియ్యే చించా. ఖాళీవి నీకు పనికొస్తయ్యని” అన్నాడు. నిజంగానే మంచి పని చేశాననుకున్నాడు. ఆ ముఖం చూసి నాకు ఇంకా మండింది. ఆ రోజు నుంచి మాట్లాడటం మానేశాను. కంచం పెట్టేదాన్ని, నీళ్ళు పెట్టేదాన్ని. ఆయన రెండు మూడుసార్లు ఏదో అన్నాడు. నేను పలకలేదు. తర్వాత ఆయన కూడా ఊరుకున్నాడు.

ఆరో రోజు సాయంత్రం కోటేశ్వరరావు కారు ముందు డ్రమ్ములు రెండూ లేతు నుంచి వచ్చాయి. బండ మీద పెట్టాడు. పొద్దున లేచాను, వాటి పక్కనుంచే నీళ్ళకు వెళ్ళాను, వచ్చాను. ముట్టుకోలేదు. ఆయన వచ్చి ఎత్తుకుపోయి బిగించాడు. చూడలేదు. ఎన్నడూ చూసినవాడు కాదు. రెండు రోజులకు పని ముగిసి కారు వెళ్ళిపోయింది. అది వెళ్ళిన పదకొండో రోజున స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ, గ్లాసు చేతిలో ఉండగానే పక్కకు ఒరిగాడు.

అదీ సంగతి. ఇప్పుడు ఆ కారు గేటు ముందు ఉంది.

“సాంబయ్యా, ఎక్కు. మెల్లగా ముందుకు పోయి బ్రేకు తొక్కు.”

కుడి చక్రం టిక్కుమంది.

“ఇప్పుడు ఎనక్కి రా. అట్నే తొక్కు.”

కుడి చక్రం నోరు మూసుకుంది. ఎడమ చక్రం టిక్కుమంది. కోటేశ్వరరావు అటు వెళ్ళి వంగి చూశాడు. “ఇదేంది పెద్దమ్మా? చప్పుడు ఇటు దూకింది!”

“గుంటూరులో ఎవరూ ఎనక్కి తోలి ఇన్లేదా?”

“కుడి చక్రమే విప్పారు, కుడి చక్రమే బిగించారు.”

“ఏదన్నా వస్తువు పాడైతే ఒక పక్కే అరిచిద్ది. ముందుకు పోతే ఒకటి, ఎనక్కి వస్తే ఇంకోటి అరిస్తే అది లేతు గీత. ఆ పక్కన నిలబడి ఒకటి, ఈ పక్కన నిలబడి ఒకటి చూడు, చక్రాలు ఎదురెదురు తిరుగుతయ్ గదా. డ్రమ్ముల జోలికి ఎవురన్నా పోయారా?”

“వాటికేం పెద్దమ్మా, అద్దంలా ఉండాయిగా! అవి తప్ప అన్నీ మార్చారు.”

సాంబయ్య చేత రెండు చక్రాలు విప్పించి డ్రమ్ములు ఊడదీయించాను. పెరట్లో కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. మోకాళ్ళు ఇప్పుడు సరిగ్గా సాగవు, వీపుకు గోడ కావాల్సి వచ్చింది. ఉప్పుకాగితం పాతదే ఉంది. రుద్దుతుంటే చేతులు వాటంతట అవి తిరిగాయి. చుట్టూ చూస్తే పెరట్లో నట్ల జల్లెడ లేదు, తవుడు డబ్బా లేదు. ఇప్పుడు కొత్త కార్లకు ముందు చక్రాల్లో డ్రమ్ములే ఉండవు. బ్రేకు పలకలు ప్యాకెట్లో వస్తాయి, పాతవి తీసి కొత్తవి పెడతారు, చప్పుడు వస్తే ఆ ప్యాకెట్టు పారేసి ఇంకో ప్యాకెట్టు తెస్తారు. అది తప్పని నేను అనను. అప్పట్లో మేం వినేవాళ్ళం, ఎందుకంటే కొత్తవి కొనే దారి లేదు. కిరసనాయిలు వాసన కూడా ఎప్పుడో పోయింది. అది పోయిన రోజు కూడా నాకు తెలియలేదు.

డ్రమ్ములు బిగించి సాంబయ్య ముందుకు తోలాడు, వెనక్కి తోలాడు. మలుపు దాకా వెళ్ళి వచ్చాడు. చప్పుడు లేదు.

కోటేశ్వరరావు నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. “నాలుగు నెలల్నించి తిరుగుతున్నా పెద్దమ్మా. పెద్దాయన దీన్ని ఎట్టా మర్చిపోయాడో పాపం.”

“ఆయన మర్చిపోలా. ఇది ఆయన పని కాదు, నాది. మా అత్త కాడ్నించి ఈ ఇంట్లో ఇది ఆడోళ్ళ పని. ఆయన మీద కోపమొచ్చి నేను కావాలనే రుద్దలా.”

కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోటేశ్వరరావు కళ్ళలో. “తెలుసులే పెద్దమ్మా. ఆయన మీద మాట రాకూడదని.”

“నీకేం తెలుసు అయ్యా? నేను చెప్తున్నా గదా. రుద్దలా. కావాలనే.”

“సరేలే, సరే. ఎవురి దగ్గరా అనన్లే. సాంబయ్యా, చూశావా? మొగుడు పోయినా గూడా ఆయన తప్పు తన నెత్తినేసుకుంటంది. ఇట్టాంటి ఇల్లాలు దొరకాలంటే పెట్టిపుట్టాలి.”

“అంతే గదండీ” అన్నాడు సాంబయ్య, కండువాతో ముఖం తుడుచుకుంటూ.

నేను ఇంకోసారి చెప్పాను. ఇద్దరూ దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. వారం తిరక్కుండా స్టాండులో ఆ మాట పాకింది. లక్ష్మయ్య మేస్త్రికి ఆఖర్లో పని పట్టు తప్పిందంట, ఆయన భార్య బంగారమంట. మా తోడికోడలు వచ్చి, “మంచి పని చేశావక్కా, ఆయన్ని కాపాడుకున్నావు” అని నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నిజం చెప్పినందుకు ఆయన పేరు ఇంకాస్త చెడింది, నా పేరు బాగుపడింది. దీన్ని సరిచేసే దారి నాకు తెలియలేదు. నోటితో చెబితే ఎవరూ నమ్మడం లేదు గనుక రాస్తున్నాను. రాయడం వచ్చు గదా ఇప్పుడు.

కోటేశ్వరరావుకు కూడా చెప్పనిది ఒకటి ఉంది. అప్పుడు పని ముగిసి ఆ కారు మా గేటు దాటుతున్నప్పుడు నేను అక్కడే నిలబడి ఉన్నాను. కుడి చక్రం టిక్కుమంది, విన్నాను. మా ఆయన కారు వైపు చూడలేదు, నా వైపు చూశాడు. తొమ్మిది రోజులుగా మేం మాట్లాడుకోవడం లేదు. “బాగానే పోతంది గదే?” అని అడిగాడు. అవునన్నట్టు నేను తల ఊపాను. ఆయన సంతోషంగా చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు.